బరువు తగ్గే ఆపరేషన్: ఆ తరువాత మన వంతు



బరువు తగ్గించే ఆపరేషన్ గురించి రాయమని కొన్ని కుటుంబాలవారు అడుగుతూ వచ్చారు. మన ఆసుపత్రిలో ఈ ఆపరేషన్ చేయరు. పట్నంలోని పెద్ద ఆసుపత్రులలో చేయించుకుని ఇంటికి వచ్చినవారు కుట్లు చూపించుకోవడానికి, ఇంజక్షన్లకు, రక్తపరీక్షలకు మన దగ్గరకు వస్తుంటారు. థియేటరు లోపల జరిగేది సర్జన్ గారికి తెలుసు. ఆ తరువాత నెలల తరబడి ఇంట్లో, వంటగదిలో, మనసులో జరిగేది మా నర్సులకు కాస్త ఎక్కువగా తెలుస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఒక సాయంత్రం ఓ.పి. ముగిసే వేళకు ఒక సోదరి వచ్చి చివరి బల్ల మీద కూర్చున్నారు. వయసు నలభై నాలుగు. ఆమె అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాం. పేరు, ఊరు చెప్పడం లేదు. పదిహేను నెలల క్రితం ఆమెకు ఆపరేషన్ అయింది. అప్పటి బరువు 112 కిలోలు, ఎత్తు 155 సెంటీమీటర్లు. ఆ రోజు మా కాటా మీద 81 కిలోలు ఉన్నారు. "ఎంత బాగా తగ్గారమ్మా!" అని మేము సంతోషించాం. ఆమె కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"ఏం తగ్గాను సిస్టరమ్మా! అరవైకి వస్తానని అందరికీ చెప్పుకున్నాను. నాలుగు నెలలుగా ముల్లు కదలడం లేదు. అంత డబ్బు పోసి పొట్ట కోయించుకుని ఏం లాభమని మా అత్తగారు అననే అన్నారు. మందిరానికి వెళ్లాలన్నా సిగ్గుగా ఉంది."

షుగరు మాత్రల సంగతి అడిగాం. "డాక్టరు గారు ఆపేశారు" అన్నారు. బి.పి. మాత్ర సగమైంది. మోకాళ్ల నొప్పి తగ్గి మెట్లు ఎక్కగలుగుతున్నారు. మరి విటమిన్ మాత్రలో? "అవి మానేసి ఏడు నెలలయింది. బరువే తగ్గనప్పుడు ఇంక అవెందుకని." లేచి వెళ్లబోతూ మాత్రం ఇంకో మాట అన్నారు. పాదాల్లో చీమలు పాకినట్టుంటోందని, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదని.

డాక్టరు గారు రక్తపరీక్ష చేయించారు. బి12 విటమిన్ బాగా పడిపోయి ఉంది. హిమోగ్లోబిన్ 9 దగ్గర ఉంది. షుగరుకు చాలా ఏళ్లు మెట్‌ఫార్మిన్ వాడినవారికి బి12 మామూలుగానే తక్కువగా ఉండవచ్చు. దాని మీద ఆపరేషన్, ఆపైన మాత్రలు మానేయడం. ఇంకొంత కాలం ఆలస్యమైతే నరాల దెబ్బ శాశ్వతంగా మిగిలిపోయేది.

ఆమె దేనికోసం ఏడ్చారో అది నిజానికి మంచి ఫలితం. దేన్ని లెక్కచేయలేదో అక్కడే ప్రమాదం పొంచి ఉంది. ఈ తారుమారు మేము ఈ ఒక్కరిలోనే చూడలేదు. కాబట్టి ఆపరేషన్ ఏమి చేస్తుందో, ఏమి చేయదో, ఆ తరువాత మన వంతు ఏమిటో వివరంగా చెప్పుకుందాం.

ఈ ఆపరేషన్ ఏమి చేస్తుంది?

1960లలో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ ఒక విషయం గమనించారు. పుండ్ల కోసం జీర్ణాశయంలో కొంత భాగం తీసివేసినవారు బరువు తగ్గుతున్నారు, మళ్లీ లావెక్కడం వారికి కష్టంగా ఉంది. ఆ గమనికతోనే 1966లో ఆయన మొదటి గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. ఈ రోజుల్లో పొట్ట పెద్దగా కోయకుండా చిన్న రంధ్రాల ద్వారా లాప్రోస్కోపీ పద్ధతిలో చేస్తున్నారు.

మన దగ్గర ఎక్కువగా వినిపించేవి రెండు రకాలు. మొదటిది స్లీవ్. ఇందులో జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా తీసివేసి, మిగిలినదాన్ని అరటికాయలాంటి సన్నని గొట్టంగా ఉంచుతారు. తీసినదాన్ని తిరిగి పెట్టడం సాధ్యం కాదు. రెండవది బైపాస్. ఇందులో పైభాగాన చిన్న సంచిలాగా కొద్ది భాగం మాత్రమే ఉంచి, దాన్ని నేరుగా చిన్నప్రేగుకు కలుపుతారు. ఆ సంచిలో పట్టేది సుమారు 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు. రెండింటిలోనూ కొద్దిగా తినగానే కడుపు నిండుతుంది. ఆకలి పుట్టించే హార్మోన్లు కూడా మారతాయి కాబట్టి మొదటి నెలల్లో ఆకలి బాగా తగ్గుతుంది.

ఇది అందం కోసం చేసే ఆపరేషన్ కాదు. బరువును కిలోలలో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని రెండుసార్లు భాగిస్తే వచ్చే సంఖ్యను బి.ఎం.ఐ. అంటారు. పైన చెప్పిన సోదరికి మొదట్లో అది దాదాపు 47. ఒకప్పుడు 40 దాటినవారికి, లేదా 35 దాటి షుగరు, బి.పి., నిద్రలో ఊపిరి ఆగే జబ్బు వంటివి ఉన్నవారికి ఈ ఆపరేషన్ సూచించేవారు. 2022లో ఈ రంగంలోని అంతర్జాతీయ నిపుణుల సంఘాలు ఆ హద్దును 35కు, షుగరు వంటి జబ్బులు ఉంటే 30కి తగ్గించాయి. ఆసియావారికి తక్కువ బరువు దగ్గరే షుగరు వస్తుంది కాబట్టి మనవారి విషయంలో 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. ఎవరికి తగినదో నిర్ణయించవలసింది మాత్రం డాక్టర్లే.

ఎంత ఆశించాలి?

ఆపరేషన్‌కు ముందే అడగవలసిన ప్రశ్న ఇది. చాలామంది తరువాత అడుగుతున్నారు.

సగటున స్లీవ్ తరువాత మొత్తం బరువులో నాలుగో వంతు, బైపాస్ తరువాత దాదాపు మూడింట ఒక వంతుకు దగ్గరగా తగ్గుతుంది. అంటే 100 కిలోల మనిషి సుమారు 70, 75 దగ్గర ఆగవచ్చు. కొందరు ఇంకా తగ్గుతారు, కొందరు అంత తగ్గరు. మన సోదరి తగ్గింది 31 కిలోలు. అది ఆమె బరువులో నూటికి దాదాపు 28 పాళ్లు. స్లీవ్ చేయించుకున్నవారి సగటు కంటే కాస్త ఎక్కువే! అరవై అనే అంకె ఆమెకు ఏ డాక్టరూ ఇవ్వలేదు. పెళ్లినాటి ఫోటో చూసి తానే పెట్టుకున్న అంకె అది.

బరువు తగ్గడం ఎక్కువగా మొదటి ఏడాది, ఏడాదిన్నరలో జరుగుతుంది. మధ్యలో కొన్ని వారాలు ముల్లు కదలకుండా ఉండడం మామూలే. ఆ తరువాత బరువు ఒకచోట నిలుస్తుంది. ఇంకొన్నాళ్లకు కొంత పెరుగుతుంది కూడా. స్వీడన్ దేశంలో 1987లో మొదలుపెట్టి నాలుగు వేల మందికి పైగా స్థూలకాయులను ఏళ్ల తరబడి గమనించారు. అందులో సుమారు సగం మంది ఆపరేషన్ చేయించుకున్నవారు. 2007లో వెలువడిన ఫలితాల ప్రకారం, బైపాస్ అయినవారు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లకు చూస్తే ఆ తగ్గుదల 25 శాతంగా ఉంది. అంటే కొంత తిరిగి వచ్చింది, ఎక్కువ భాగం రాలేదు. ఆపరేషన్ అయినవారిలో మరణాలు కూడా తక్కువగా ఉన్నాయి.

షుగరు విషయంలో కూడా ఆశ హద్దులో ఉండాలి. చాలామందికి మందులు తగ్గుతాయి, కొందరికి పూర్తిగా ఆగుతాయి. కానీ అది జబ్బు అణిగి ఉండడం. కొన్నేళ్లకు తిరిగి రావచ్చు. ఎక్కువ ఏళ్లుగా షుగరు ఉన్నవారికి, ఇన్సులిన్ మీద ఉన్నవారికి ఫలితం తక్కువ. ఆపరేషన్ అయిన కొద్ది రోజులకే షుగరు పడిపోవచ్చు కాబట్టి మందుల మోతాదు డాక్టరు గారే మార్చాలి. పాత మోతాదు అలాగే వాడడం, మన అంతట మనమే మానేయడం రెండూ ప్రమాదమే.

ముందే తెలియక భయపడేవి మరి రెండు ఉన్నాయి. మూడో నెల నుంచి ఆరో నెల వరకు జుట్టు రాలుతుంది. మాంసకృత్తులు, ఇనుము సరిగా అందితే చాలామందికి తిరిగి వస్తుంది. రెండవది, పొట్ట, చేతులు, తొడల దగ్గర చర్మం వేలాడుతుంది. వ్యాయామంతో కండ గట్టిపడుతుంది గాని సాగిన చర్మం పూర్తిగా బిగుసుకోదు.

ఇక మనసు సంగతి. దుఃఖం వచ్చినప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు, పిల్లలు పళ్లెంలో వదిలేసింది పారేయలేక తినే అలవాటు ఉన్నవారికి ఆ అలవాటు ఆపరేషన్‌తో పోదు. సర్జన్ గారు పొట్టను చిన్నది చేయగలరు. రాత్రి పది గంటలకు డబ్బా మూత తీసే చేతిని ఆపలేరు.

మన వంతు ఏమిటి?

తలాంతుల ఉపమానం మన సంఘంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పాతిపెట్టినవాడి తలాంతు పెరగలేదు. ఆపరేషన్ తరువాత వచ్చే మొదటి ఏడాది అలాంటిదే. ఆకలి తక్కువగా ఉండే ఆ కాలంలోనే కొత్త అలవాట్లు నాటుకోవాలి. ఆకలి మళ్లీ మొదలయ్యేసరికి ఆ అలవాట్లే మనల్ని కాపాడతాయి.

భోజనం: మొదట పల్చటి ద్రవాలు, తరువాత పాలు, మజ్జిగ, పప్పుకట్టు వంటివి, ఆపైన మెత్తగా మెదిపినవి, చివరకు మామూలు భోజనం. ఇంత దూరం రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఏ వారంలో ఏమి తినాలో ఆపరేషన్ చేసిన ఆసుపత్రి రాసిచ్చిన కాగితం ప్రకారమే నడవండి. "ఒక్క ముద్ద ఆవకాయ అన్నమే కదా" అని రెండో వారంలో తిన్నవారు వాంతులతో మా దగ్గరకు వచ్చారు.

మామూలు భోజనానికి వచ్చాక పళ్లెంలో వరుస మార్చుకోవాలి. మనం అన్నం ముందు పెట్టుకుని దాని పక్కన కూర వేసుకుంటాం. ఇప్పుడు గుడ్డు, చేప, కోడిమాంసం, ముద్దపప్పు, పెరుగు ముందు తినాలి. ఆ తరువాత కూరగాయ. చోటు మిగిలితే రెండు ముద్దల అన్నం. మాంసకృత్తులు రోజుకు కనీసం 60 గ్రాములు అందకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది, నీరసం వస్తుంది. చిన్న పొట్టలో 60 గ్రాములు ఎలా పడతాయని అడుగుతారు. లెక్క చూడండి: రెండు కోడిగుడ్లలో 12 గ్రాములు, పావు లీటరు పాలలో 8, చిన్న చేప ముక్కలు రెండింటిలో సుమారు 15, చిన్న కప్పు ముద్దపప్పులో 7, గుప్పెడు వేయించిన శనగల్లో 6, రాత్రి రెండు చిన్న కోడిమాంసం ముక్కల్లో 15. మొత్తం 63. రోజంతా ఐదారుసార్లుగా తీసుకుంటే సాధ్యమే. మాంసం తిననివారికి పెసరట్టు, పనీరు, సోయా, పెరుగు ఉన్నాయి. చాలకపోతే ప్రోటీన్ పొడి గురించి డాక్టరు గారిని అడగండి.

నమలడం: ముద్ద చిన్నది. ఇరవై, ముప్ఫైసార్లు నమిలి మింగండి. కడుపు నిండినట్టు అనిపించిన ముద్ద దగ్గరే ఆగాలి. ఆ తరువాత తినే ఒక్క ముద్దే వాంతి తెప్పిస్తుంది.

నీళ్లు: రోజుకు లీటరున్నర తక్కువ కాకుండా, గుక్క గుక్కగా తాగాలి. భోజనంతో కలిపి వద్దు. తిన్న అరగంట తరువాత తాగండి.

మెత్తటి తిండితో జాగ్రత్త: మేము చూసినవారిలో బరువు తిరిగి పెరగడానికి బిర్యానీ కంటే టీలో ముంచిన బిస్కెట్లు, ఐస్‌క్రీమ్, కూల్‌డ్రింకులు, పళ్లరసాలు, జంతికలు ఎక్కువ కారణమయ్యాయి. ఇవి చిన్న పొట్టలో ఆగవు, జారిపోతాయి. కడుపు నిండదు గాని కేలరీలు చేరతాయి. పైగా బైపాస్ అయినవారు తీపి తింటే కొద్దిసేపటికే గుండెదడ, చెమటలు, కళ్లు తిరగడం, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు రావచ్చు. దీన్ని డంపింగ్ అంటారు. భయపడి పోవలసిన పని లేదు. ఏమి తింటే వచ్చిందో గుర్తు పెట్టుకుని దాన్ని మానండి.

మాత్రలు: ఇవి జీవితాంతం. మల్టీవిటమిన్, బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి వీటిలో మీకు రాసినవి మానకూడదు. బి12 కొందరికి ఇంజక్షన్‌గా ఇస్తారు. కాల్షియం, ఇనుము ఒకేసారి వేసుకోవద్దు, మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. ఇనుము మాత్ర టీతో అసలు వద్దు, టీ దాన్ని ఒంటికి పట్టనివ్వదు. "బాగానే ఉన్నాను కదా" అని మానేసినవారికి లోటు వెంటనే కనబడదు. నెలలు గడిచాక తిమ్మిర్లుగా, రక్తహీనతగా, ఎముకల నొప్పిగా బయటపడుతుంది.

నడక: ఆపరేషన్ అయిన రోజే మంచం దిగి నాలుగు అడుగులు వేయిస్తారు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా. ఇంటికి వచ్చాక రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి, నెమ్మదిగా వారానికి 150 నిమిషాలకు పెంచండి. డాక్టరు గారు ఒప్పుకున్నాక కండకు బలమిచ్చే వ్యాయామం కూడా వారంలో రెండు రోజులు చేయాలి. కుర్చీలోంచి చేతులు ఆనకుండా పదిసార్లు లేచి కూర్చోవడం కూడా వ్యాయామమే. ఖర్చు లేదు.

పరీక్షలు: మొదటి ఏడాదిలో మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆపై ఏటా ఒకసారి రక్తపరీక్ష తప్పదు. పట్నం వెళ్లలేనివారు ఆపరేషన్ కాగితాలు తీసుకుని మన ఆసుపత్రికి రండి. రిపోర్టులు మీ సర్జన్ గారికి పంపుకోవచ్చు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు, యౌవనస్థులకు

అధిక బరువు వల్ల నెలసరి తప్పినవారికి బరువు తగ్గగానే గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. కానీ ఆపరేషన్ తరువాత ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. వేగంగా బరువు తగ్గుతున్న కాలంలో తల్లికీ బిడ్డకూ పోషకాలు చాలవు. బైపాస్ అయినవారిలో గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి గురించి సిగ్గుపడకుండా డాక్టరమ్మను అడగండి.

మద్యం గురించి సంఘంలో వేరుగా చెప్పనక్కరలేదు. అయినా వైద్యపరమైన కారణం కూడా తెలియాలి. ఈ ఆపరేషన్ తరువాత, ముఖ్యంగా బైపాస్ తరువాత, కొద్ది మద్యమే తొందరగా తలకెక్కుతుంది, అంతకు ముందు లేనివారికి కూడా వ్యసనంగా మారే అపాయం ఉంది. పొగ తాగడం, నొప్పికి మందుల షాపులో అడిగి కొనుక్కునే మాత్రలు కూడా లోపల పుండు పడేలా చేస్తాయి. ఏ నొప్పి మాత్ర వేసుకున్నా ముందు డాక్టరు గారిని అడగాలి.

ఇంటివారికి, సంఘస్థులకు ఒక మనవి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో మూడో వంతుకు పైగా అధిక బరువుతో ఉన్నారు. కాబట్టి ఇది ఎవరో ఒకరి ఇంటి సమస్య అనుకోవద్దు.

ఆపరేషన్ అయినవారిని చూడగానే మనం అనే మాటలు వారికి గుచ్చుకుంటాయి. "అయ్యో, ఎంత పీక్కుపోయావమ్మా" అని ఒకరు, "ఇంకా తగ్గలేదేం?" అని ఇంకొకరు అంటారు. "నోరు కట్టుకుంటే సరిపోయేది కదా, కోయించుకోవడమెందుకు" అని మరొకరు. పెద్ద బరువు కేవలం తిండిపోతుతనం వల్ల రాదు. వంశపారంపర్యం, హార్మోన్లు, కొన్ని మందులు, పని తీరు అన్నీ కారణాలే. గుండె ఆపరేషన్ అయినవారిని అలా అడగం కదా!

ప్రేమ విందులో, పుట్టినరోజు కూడికలో, క్రిస్మస్ అరిసెల దగ్గర "మా కోసం ఒక్కటి" అని బలవంతం చేయవద్దు. వారికి చిన్న పళ్లెం ఇవ్వండి, కూర ముక్కలు రెండు ఎక్కువ వేయండి. చాలు. గృహ ప్రార్థన కూడికలలో టీ, బిస్కెట్లతో పాటు పల్చటి మజ్జిగ, ఉడికించిన శనగలు పెడితే అందరికీ మేలే.

ఉపవాస ప్రార్థన గురించి కొందరు అడిగారు. ఆపరేషన్ అయినవారు నీళ్లు కూడా లేకుండా ఉపవాసం ఉంటే ఒంట్లో నీరు తగ్గి కళ్లు తిరిగి పడిపోవచ్చు. షుగరు మందులు వాడేవారికి ఇంకా ప్రమాదం. మొదటి ఏడాదిలో వద్దనే మేము చెబుతాం. తరువాతనైనా డాక్టరు గారిని అడిగి, పాస్టరు గారితో చెప్పి చేయండి. ప్రార్థన మానమని కాదు, కూర్చుని ప్రార్థిస్తూ గుక్క గుక్క నీళ్లు తాగవచ్చు.

వెంటనే ఆసుపత్రికి రావలసిన లక్షణాలు

మొదటి వారాలలో:
– జ్వరం, చలి, విశ్రాంతిగా ఉన్నా నాడి 120 దాటడం
– పెరుగుతున్న కడుపునొప్పి, లేక ఎడమ భుజంలో నొప్పి
– ఆయాసం, ఛాతీనొప్పి, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం
– నల్లటి విరేచనం, రక్తపు వాంతి

ఎప్పుడైనా:
– ఒకటి రెండు రోజులుగా ఆగని వాంతులు, నీళ్లు కూడా నిలవకపోవడం
– వాంతుల తరువాత చూపు రెండుగా కనబడడం, తూలడం, మతిమరుపు. ఇది బి1 విటమిన్ లోటు కావచ్చు, గంటలు కూడా ఆలస్యం చేయకూడదు
– తిన్నాక కుడి డొక్కలో నొప్పి. వేగంగా బరువు తగ్గేవారికి పిత్తాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు
– పాదాల్లో తిమ్మిర్లు, విపరీతమైన నీరసం

పొద్దున్న వరకు చూద్దామని ఆగవద్దు. మన ఆసుపత్రిలో రాత్రివేళ కూడా డ్యూటీ సిస్టర్ ఉంటారు. "బరువు తగ్గే ఆపరేషన్ అయింది" అని ముందుగా చెప్పండి.

బరువు తిరిగి పెరిగితే?

రెండు మూడు కిలోలు పెరగగానే ముఖం చాటేసేవారు ఉన్నారు. సర్జన్ గారు కోప్పడతారని, నర్సులు ఏమంటారోనని పరీక్షలకే రావడం మానేస్తారు. దయచేసి అలా చేయకండి. కొంత పెరగడం శరీర స్వభావం. ఎక్కువగా పెరుగుతుంటే కారణం వెతకాలి. వారం రోజులు నోట్లో వేసుకున్న ప్రతిదీ ఒక నోటు పుస్తకంలో రాసుకుని తీసుకురండి. చాలాసార్లు కారణం అందులోనే కనబడుతుంది.

బరువు తగ్గించే కొత్త ఇంజక్షన్లు 2025లో మన దేశంలోనూ వచ్చాయి. "ఆపరేషన్ మానేసి అవి తీసుకోవచ్చా?" అని కొందరు, "పెరిగిన బరువుకు అవి వేయించుకోవచ్చా?" అని ఇంకొందరు అడుగుతున్నారు. కొందరికి అవి ఉపయోగపడతాయి, డాక్టరు గారు చూసి రాయాలి. ఆపేస్తే బరువు చాలావరకు తిరిగి వస్తుంది. అవి తీసుకున్నా మాంసకృత్తులు, నడక, పరీక్షలు తప్పవు. కత్తి అయినా సూది అయినా మన వంతు మన మీదే ఉంది.

చివరిగా

ఆ సోదరికి బి12 ఇంజక్షన్లు మొదలుపెట్టాం. ఇనుము, కాల్షియం మాత్రలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటిగా వేసుకునేలా కాగితం మీద గడులు గీసి ఇచ్చాం. వేసుకున్న రోజు గడిలో టిక్కు పెట్టాలి. మరోసారి వచ్చినప్పుడు భర్తను, అత్తగారిని కూడా వెంటబెట్టుకు రమ్మన్నాం. డాక్టరు గారు వారి ముందే లెక్క చెప్పారు: "ముప్ఫై ఒక్క కిలోలంటే బియ్యం బస్తా కంటే ఎక్కువమ్మా. పాతిక కిలోల బస్తా నెత్తిన పెట్టుకుని ఈ అమ్మాయి ఇన్నేళ్లు ఇంటిపని చేసింది." అత్తగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు, "మాత్రల సంగతి నేను చూసుకుంటానులే సిస్టరమ్మా" అన్నారు.

ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే కాలువ గట్టు మీద నడుస్తున్నారు. పాదాల తిమ్మిర్లు పూర్తిగా పోలేదు, చాలావరకు తగ్గాయి. హిమోగ్లోబిన్ 11 దాటింది. ఆరు నెలల తరువాత కాటా ఎక్కితే 82 కిలోలు. ఒక కిలో పెరిగింది. మేము ఆమె ముఖం వైపు చూశాం.

"పరవాలేదు సిస్టరమ్మా. షుగరు ఎంతుందో చెప్పండి" అన్నారు.

మేము కోరుకున్న మాట అదే. ఆపరేషన్ చేయించుకోవాలని ఆలోచిస్తున్నవారు పాత ఫోటోలోని మనిషి కావాలని ఆశించకండి. మెట్లు ఎక్కగలగడం, మందులు తగ్గడం, రాత్రి హాయిగా ఊపిరి పీల్చుకుని నిద్రపోవడం, పిల్లలతో పాటు మందిరానికి నడిచి వెళ్లడం, వీటిని ఆశించండి. చేయించుకున్నవారు అంకె చూసి కుంగిపోకండి, అంకె చూసి మాత్రలు మానకండి. దేవుడిచ్చిన దేహానికి మనం గృహనిర్వాహకులం. రోజూ కొంచెం కొంచెంగా, నమ్మకంగా చేసే పని ఇది. దారిలో తడబడితే మా తలుపు తెరిచే ఉంటుంది.

ప్రభువు మిమ్మును, మీ కుటుంబములను ఆరోగ్యముతో కాపాడును గాక. ఆమేన్.